బోర్డు నిండితే డబ్బా చూడు

ఫిన్లాండ్,
ఆదివారం పొద్దున.

రమక్కకు, నీ చెల్లెలు లావణ్య దండం పెట్టి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వు, బావ, చిన్ని, బాపు, అవ్వ అందరూ బాగున్నారనే అనుకుంటున్నాను. బాపు దగ్గు తగ్గిందా? అవ్వ మోకాళ్ళకు నూనె నిజంగా రాసుకుంటోందా, లేక సీసా గూట్లోనే పెట్టి "రాసుకున్న బిడ్డా" అంటోందా? సీసా ఎత్తి చూడు, తెలిసిపోతుంది. నస్పూర్‌లో చలి మొదలైందని బావ ఫోన్లో చెప్పాడు. మీ చలి సంగతి వింటే ముందు నవ్వొచ్చింది, తరువాత ఏడుపొచ్చింది.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్లో నేను నీకు నిజం చెప్పడం లేదక్కా. "ఏం జేస్తున్నవే?" అని నువ్వంటే "ఏం లేదు, తిన్న, పంటున్న" అని పెట్టేస్తున్నాను. నీ షిఫ్టుకూ నా ఆఫీసుకూ పొత్తు కుదరదు. కుదిరిన రోజు వెనకాల చిన్ని ఏడుస్తుంటుంది, బాపు చెవులు వినబడక ఫోను నోటికి అడ్డం పెట్టుకుని "హలో, హలో" అంటుంటాడు. పైగా నువ్వు మధ్యలో అడ్డుపడతావు. ఈ సంగతి మొదటి నుంచి చివరిదాకా అడ్డు లేకుండా చెప్పుకోవాలి. మా ఆఫీసులో సరిత అని ఒకామె ఉంది, తల్లిగారిల్లు చొప్పదండి. వచ్చే శుక్రవారం ఇండియాకు బయలుదేరుతోంది. ఆమె చేతికే ఈ కవరు ఇస్తున్నాను. ఇంకొకటి, కాగితం ముందు కూర్చుంటే నాకు బడిలో నేర్పిన భాషే వస్తుంది. చదువుతూ వెక్కిరించకు.

ముందు ఇక్కడి సంగతులు. ఇప్పుడు ఇక్కడ తొమ్మిది దాటాక తెల్లారుతుంది, మూడు కొట్టకముందే చీకటి పడుతుంది. మధ్యలో ఉన్న ఆ కాస్త వెలుతురులో నేను ఆఫీసులో తెర ముందు ఉంటాను. బాపు బొగ్గుబాయి నుంచి వచ్చినాక గుమ్మంలో కూర్చుని ఊరికే ఎండ కాచుకునేవాడు, గుర్తుందా? పలకరిస్తే పలికేవాడు కాదు. మనమీద కోపమేమో అనుకునేదాన్ని. కోపం కాదని ఇప్పుడు తెలిసింది. నేను కూడా శనివారం పూట కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని అట్లాగే కూర్చుంటున్నాను, ఎవరైనా పలకరించినా పలకబుద్ధి కాదు. అయితే ఇక్కడ పలకరించేవాళ్ళు లేరు.

మంచు మీద నడవడానికి మేకులున్న చెప్పుల పట్టీలు కొనుక్కున్నాను. అవి ఉండి కూడా రెండుసార్లు పడ్డాను. మన క్వార్టర్ల లైన్లో పడితే ముందు అందరూ పగలబడి నవ్వి, తరువాత లేపి, పసుపు పెట్టి, నాలుగు రోజులు అదే ముచ్చట చెప్పుకుంటారు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. ఒకాయన వచ్చి చెయ్యి ఇచ్చి లేపి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. మంచివాళ్ళే అక్కా. కానీ ఎవరైనా కొంచెం నవ్వితే బాగుండు అనిపించింది.

తిండికి ఇబ్బంది లేదు, ఫికర్ చేయకు. బియ్యం దొరుకుతుంది, పప్పు దొరుకుతుంది. వాళ్ళ రొట్టె నల్లగా, పుల్లగా ఉంటుంది, నమలడానికే సగం బలం పోతుంది. పచ్చిపులుసు చేసుకున్నాను కానీ ఉల్లిగడ్డ తియ్యగా, మిరపకాయ చప్పగా ఉండి, పేరుకే పచ్చిపులుసు అయింది. తింటున్నాను. బాగానే తింటున్నాను. అలసట ఒక్కటే తగ్గడం లేదు. పని ఎక్కువై వచ్చే అలసట అయితే పడుకుంటే పోతుంది. ఇది పడుకుని లేచినా పక్కనే కూర్చుని ఉంటోంది.

ఇక అసలు సంగతి. నా పని ఏమిటని బాపు అడిగితే "వైఫై" అని తప్పించుకుంటున్నాను. ఈసారి సరిగ్గా చెబుతాను, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. నీకైతే ఇట్టే అర్థమవుతుంది, ఎందుకంటే అది బాయి మీద దీపాలిచ్చి మనుషుల లెక్క ఉంచే నీ ల్యాంప్‌రూమ్ పనే.

గోడకు పెట్టే వైఫై డబ్బా ఉంటుంది కదా, దాని లోపల ఒక చిప్పు ఉంటుంది. ఆ చిప్పు నడవడానికి దాన్ని చేసినవాళ్ళే లోపల ఒక చిన్న ప్రోగ్రాం పెట్టి పంపుతారు, దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. దాన్ని మేము తెరిచి చూడలేము. మేము రాసేది డ్రైవర్. అంటే ఆ చిప్పుకూ బయటి కంప్యూటర్‌కూ మధ్య నిలబడి మాట అందించే ప్రోగ్రాం. అందులో నా వంతు లెక్కలు. "ఇప్పుడు నీకు ఎవరెవరు తగులుకుని ఉన్నారు? ఎవరికి సిగ్నల్ ఎంత? ఎవరి మాట ఎంత పోయింది, ఎంత అందింది?" అని మేము చిప్పును అడుగుతాము. అది ఒకేసారి అంతా చెప్పలేదు. కొన్ని పేర్లు చెప్పి, "ఇంకా ఉన్నాయి" అంటుంది, మళ్ళీ కొన్ని చెబుతుంది, చివరికి "అయిపోయింది" అంటుంది. వచ్చిన పేర్లను మేము ఒక పట్టీలో రాసుకుంటాము. ఆ పట్టీలో చోటు ఇంత అని ముందే ఉంటుంది. మా దాంట్లో అరవై నాలుగు పేర్లు పడతాయి. దిగినవాళ్ళ బిళ్ళలు తగిలించే నీ బోర్డుకు కొక్కేలున్నట్టే.

అరవై అయిదో పేరు వస్తే ఏం చేయాలి? నేను చేరేనాటికి పాత ప్రోగ్రాం ఏం చేసేదంటే, ఉన్న పట్టీ మొత్తం చెరిపేసి, "లెక్క పారేశాను" అని ఒక హెచ్చరిక రాసి ఊరుకునేది. మోటు పని. మంది ఎక్కువ ఉన్న చోట ఆ హెచ్చరికలు వానలా పడేవి, కొన్నవాళ్ళు మాకు ఫిర్యాదు రాసేవారు. నేను కొత్తగా వచ్చాను, నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, ఏదో ఒకటి చేసి చూపించాలని తొందర. నిండేదాకా వచ్చిన పేర్లు ఉంచి, మిగతావి వచ్చినా రాసుకోకుండా వదిలేసేట్టు మార్చాను. హెచ్చరిక తీసేశాను. ఫిర్యాదులు ఆగిపోయాయి. మా టీం పెద్ద, పెక్కా అనే ఆయన, అందరి ముందు మెచ్చుకున్నాడు. ఆ రోజు నీకు ఫోన్ చేసి ఎంత ఎగిరానో గుర్తుందా? నువ్వు "మంచిగైంది బిడ్డా" అన్నావు.

ఇక్కడికి కొంచెం దూరంలో రేవు దగ్గర చేపల కోల్డ్ స్టోరేజీ ఉంది. మన దగ్గర గోదాముల్లాగే, కానీ లోపల మనిషి ఎక్కువసేపు నిలవలేనంత చలి. అక్కడ పనిచేసేవాళ్ళ చేతికి ఫోన్‌లాంటి యంత్రం ఒకటి ఇస్తారు, అది మా వైఫైకి తగులుకుని ఉంటుంది. లోపల ఎవరున్నారో తలుపు దగ్గర తెర మీద పేర్లు పడతాయి. షిఫ్టు అయ్యాక ఆ తలుపు కాసే రైమో అనే ఆయన తెర చూసి, లోపల ఎవరూ లేరని పడితే పెద్ద తలుపు మూసి గట్టి చలి పెడతాడు. మా డబ్బాలు అక్కడ కొత్తగా బిగించి చూస్తున్నారు.

మొన్న పండుగ సరుకు ఎక్కువ వచ్చిందని మామూలు కంటే ఎక్కువమందిని పిలిచారు. పని అయినవాళ్ళు యంత్రాలను తలుపు బయట ఛార్జింగు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. బల్ల మీద ఉన్నా అవి మా వైఫైకి తగులుకునే ఉంటాయి, వాటి పేర్లు పట్టీలో ఉంటాయి, కానీ ఛార్జింగులో ఉన్నవాటిని తెర లోపలివాళ్ళ కింద చూపించదు. చిప్పు పాతవాళ్ళ పేర్లు ముందు చెబుతుంది, చివర వచ్చినవాళ్ళ పేర్లు చివర చెబుతుంది. బల్ల మీది యంత్రాలతోనే అరవై నాలుగూ నిండాయి. ఆ తరువాత ఒక ప్యాకింగ్ ఆమె ఏదో పెట్టె మరిచిపోయి కొత్త యంత్రం తీసుకుని ఒక్కతే లోపలికి వెళ్ళింది. తెర మీద ఆమె పేరు పడలేదు. లోపల ఎవరూ లేరని పడింది.

రైమో తలుపు మీద చెయ్యి వేశాడు. ఆయనకు ఒక అలవాటు ఉందట, మూసేముందు లోపలికి ఒకసారి గట్టిగా కేక వేస్తాడు. వేశాడు. ఆమె లోపలి నుంచి పలికింది. అంతే. ఏమీ కాలేదక్కా, ఆమె బాగానే ఉంది. నువ్వు కంగారు పడకు.

కానీ మరునాడు విచారణ పెట్టారు. తెర మీద పేరు ఎందుకు రాలేదని అడిగితే మావాళ్ళు, కోల్డ్ స్టోరేజీవాళ్ళు కలిసి ఆమె యంత్రంలో బ్యాటరీ అయిపోయి ఉంటుందని తేల్చారు. యంత్రాలకు ఛార్జింగు చూసుకోవలసింది రైమో. కాబట్టి తప్పు రైమోది. ఆయనకు మెమో ఇచ్చారు. అది రెండో మెమో అట, మూడోది వస్తే ఇంటికే. ఆ మనిషి కేక వేయకపోతే ఏమయ్యేదో ఎవరూ మాట్లాడలేదు.

మా దగ్గర హెలెనా అనే ఒక పెద్దావిడ ఉంది, మేము చేసిన వాటిని పరీక్ష చేసేది ఆమె. ఆమె ఇంగ్లీషులో అన్నది, కానీ ఆమె మాట తీరు అచ్చం మన లైన్లో రాజవ్వ తీరు, అందుకే మన మాటల్లోనే రాస్తాను. నా కుర్చీ పక్కన నిలబడి, "నాకు గీ లెక్క కుదుర్తలేదే పిల్లా. బ్యాటరీ అయిపోతే ముందుగాల వచ్చినట్టు పడి, వెనకసిరి పోయినట్టు పడాలె గద. ఆమె పేరు అసలు వచ్చినట్టే పడలే. ఎట్లయితది?" అంది.

ఆమె వెళ్ళాక నా మార్పు తీసి చూసుకున్నాను. అయిదు వరుసలు. అరవై అయిదో పేరు వస్తే, ఏమీ అనకుండా పక్కకు తోసేసే అయిదు వరుసలు. పాత మోటు ప్రోగ్రాం అయితే పట్టీ అంతా పోయేది, తెర ఖాళీ అయ్యేది, హెచ్చరిక పడేది, ఏదో చెడిందని రైమోకు తెలిసేది. నేను దాన్ని బాగు చేశాననుకున్నాను కదా, చెడిందని ఎవరికీ తెలియకుండా చేశాను.

అది కిందటి వారం శుక్రవారం. సరిచేయడం రెండు గంటల పని. చేసేశాను కూడా. ఇక దాన్ని "చిన్న మార్పులు" అని రాసి మిగతా వాటితో కలిపి పంపిస్తే సరిపోతుంది. ఇకముందు ఎవరికీ ప్రమాదం ఉండదు. ఎవరూ అడగరు. మంగళవారం నా పర్మనెంటు సంగతి తేలుస్తారు. ఉద్యోగం ఉంటేనే నాకు ఇక్కడ ఉండనిచ్చే కాగితం ఉంటుంది, లేకపోతే సామాను సర్దుకోవాలి. అన్నీ లెక్క వేసుకున్నాను. మిగిలేది రైమో మెమో ఒక్కటే. నేను ఆయన్ని చూసింది కూడా లేదు.

అక్కా, నేను శుక్రవారం చెప్పలేదు. శనివారం చెప్పలేదు. నీతో ఆ రెండు రోజులూ ఫోన్లో మాట్లాడాను, "ఏం లేదు, తిన్న" అన్నాను.

పోయిన ఆదివారం మధ్యాహ్నం అన్నానికి బియ్యం పళ్ళెంలో పోసుకున్నాను. ఇక్కడి బియ్యంలో రాళ్ళుండవు. అయినా చెయ్యి ఊరుకోదు, కిటికీ దగ్గర కూర్చుని ఏరుతున్నాను. అప్పుడు నువ్వు చేట పట్టుకుని వాకిట్లో కూర్చున్న రోజు గుర్తొచ్చింది. ఏ రోజో నీకు చెప్పనక్కరలేదు. కానీ ఇది నువ్వు బాపుకు చదివి వినిపిస్తావు, చిన్ని పెద్దయ్యాక కూడా చదువుతుంది. కాబట్టి పూర్తిగా రాస్తాను.

బాపు ఊపిరితిత్తులు చెడి బాయి పనికి పనికిరాడని డాక్టర్లు రాశాక, బాపు బదులు మన ఇంటికి ఇచ్చే ఉద్యోగం ఒక్కటే వచ్చింది. నువ్వు కరీంనగర్‌లో డిగ్రీ ఆపేసి వచ్చి ల్యాంప్‌రూమ్‌లో చేరావు, నన్ను ఇంజనీరింగ్‌కు పంపావు. లెక్కల్లో నాకంటే నువ్వే చురుకు. కార్మికుడు తన నంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుని బాయిలోకి దిగుతాడు, దీపం తిరిగిచ్చి బిళ్ళ తీసుకుని ఇంటికి పోతాడు, బోర్డు మీద బిళ్ళ మిగిలితే ఆ మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. నువ్వు చేరిన కొత్తలో ఒకరోజు పక్క బాయి నుంచి మనుషులు ఎక్కువ వచ్చారు, కొక్కేలు చాలలేదు. నువ్వు ఒకే కొక్కేనికి బిళ్ళ మీద బిళ్ళ తగిలించావు. షిఫ్టు దిగినాక ఎవరో తొందరలో రెండు బిళ్ళలూ కలిపి తీసుకుపోయాడు. బోర్డు ఖాళీ. మీ గది పెద్ద మల్లయ్య తాత అందరూ పైకి వచ్చారని రిజిస్టరులో సంతకం చేశాడు. కాలు మడతపడిన ఒక మనిషి మాత్రం కింద కూర్చుని ఉన్నాడు. ఆయన తోటివాడు బస్టాండులో వెతికి, కనబడక, "మావోడు రాలే" అని తిరిగొచ్చి మొత్తుకుంటే గానీ తెలియలేదు.

సంతకం తాతది కాబట్టి తప్పు తాతది అన్నారు. నువ్వు మేనేజరు దగ్గరికి నడిచి పోయి, "సార్, బిళ్ళ మీద బిళ్ళ తగిలిచ్చింది నేను, తాత కాదు" అన్నావు. నిన్ను పది రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. అవ్వ "ఉన్న ఒక్క నౌకరి గంగల కలుపుతవా బిడ్డా" అని ఏడ్చింది. నేను సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. నువ్వు వాకిట్లో చేట పట్టుకుని బియ్యం ఏరుతున్నావు. నేను నీ ముందు నిలబడి అన్న మాటలు నాకు ఒక్కటి కూడా మరుపు రాలేదు.

"నీకేమన్న పిచ్చి లేసిందా అక్కా? తాతకు ఇంక ఎన్ని దినాల నౌకరున్నది? పోతే ఆయినది పోతుండె. నువ్వు నోరు మూసుకుంటె ఎవ్వలికి తెలుస్తుండె? నా ఫీజు ఎవరు కడ్తరు?"

నువ్వు తల కూడా ఎత్తలేదు. "పోయి చదువుకో పో" అన్నావు. రాయి ఒకటి ఏరి పక్కన పడేశావు.

నేను పోయి చదువుకున్నాను అక్కా. చదువుకుని ఇంతదూరం వచ్చాను.

సోమవారం పొద్దున్నే పెక్కా గదికి వెళ్ళాను. ఆయన మాటలు మాత్రం పుస్తకాల భాషలోనే రాస్తాను, ఆయన మాట్లాడేదే అట్లా. ఆ మార్పు నాదని, బ్యాటరీ సంగతి కాదని, రైమో తప్పు లేదని చెప్పాను. తెర మీద ఆ అయిదు వరుసలు చూపించాను. ఆయన వాటిని ఒక్కొక్కటే చదివాడు. "హెచ్చరిక ఎందుకు తీసేశావు?" అన్నాడు. "ఫిర్యాదులు ఆగాలని" అన్నాను. ఇంకేం చెప్పను, అదే నిజం. "ఎప్పుడు తెలిసింది?" అన్నాడు. "శుక్రవారం" అన్నాను. అప్పుడు ఆయన ముఖం మారింది. "తప్పు అందరూ చేస్తారు. ఆ రెండు రోజులు నాకు నచ్చలేదు" అన్నాడు. బయటికి వచ్చి బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

మంగళవారం నన్ను పర్మనెంటు చేయలేదు. ఇంకో మూడు నెలలు చూస్తామన్నారు. ఆ తరువాత ఉంచుతారో పంపిస్తారో తెలియదు. నీకు ఫోన్లో చెప్పలేక తిరుగుతున్నది ఈ మాటే. బాపుకు చెప్పేటప్పుడు మెల్లగా చెప్పు, అవ్వకు చెప్పాలో వద్దో నువ్వే చూడు.

బుధవారం పెక్కా నన్నూ హెలెనానూ కోల్డ్ స్టోరేజీకి తీసుకుపోయాడు. రైమో మెమో వెనక్కి తీసుకున్నారు, ఆయన ముందే ఆ కాగితం చింపారు. పొడుగ్గా, ఎర్ర ముక్కుతో, మన బస్సు డ్రైవర్లలాగా ఉన్నాడు. నేను తప్పు ఒప్పుకుని క్షమించమన్నాను. హెలెనా ఆ మాట ఆయనకు వాళ్ళ భాషలో చెప్పింది, ఆయన జవాబు నాకు చెప్పింది. "తెర మీద ఏమన్న పడనీ, నేను ఒక్కపాలి లోపలికి గట్టిగ ఒర్రుత. ఒర్రకుంట తలుపు ఎయ్య" అన్నాడట. అంతే. కోపం లేదు, దయా లేదు. వచ్చేటప్పుడు కాగితంలో చుట్టిన పెద్ద చేప ఒకటి చేతిలో పెట్టాడు. ఉన్న చింతపండంతా వేసి పులుసు పెట్టాను. చాలా రోజుల తరువాత కడుపునిండా తిన్నాను.

ఇప్పుడు ప్రోగ్రాం ఎట్లా రాశానో కూడా విను. అడిగే ముందు ప్రతిసారీ పాత పట్టీ చెరిపేస్తుంది, అప్పుడే కొత్త లెక్క మొదలుపెడుతుంది. చిప్పు "అయిపోయింది" అనేదాకా ఆగుతుంది. చోటు నిండితే ఉన్న పేర్లు పారేయదు, రాని పేర్లు దాచిపెట్టదు. "పట్టీ నిండింది, ఇంకా ఉన్నారు, లోపల చూడు" అని ఎర్రగా తెర మీద రాస్తుంది. నువ్వు ఆ పది రోజుల తరువాత డ్యూటీకి పోయి బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి బోర్డు పక్కన పెట్టావు కదా, కొక్కేలు చాలని బిళ్ళలు అందులో వేసి, బోర్డు అంచున సుద్దతో "బోర్డు నిండింది, డబ్బా చూడు" అని రాశావు కదా. అదే అక్కా. కొత్తగా నేను కనిపెట్టింది ఏమీ లేదు. హెలెనా యంత్రాలన్నీ బస్తాలో తెచ్చి ఒక్కొక్కటే వెలిగించింది. అరవై అయిదోది వెలిగించగానే ఎర్ర అక్షరాలు పడ్డాయి. "గిట్ల చెప్పాలె" అంది, నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఇక్కడికి వచ్చాక నన్ను ఎవరైనా ముట్టుకోవడం, ఆ మంచులో చెయ్యిచ్చిన ఆయన తరువాత, అదే.

చేతులు నొప్పి పెడుతున్నాయి, ఇంత రాసి ఎన్నేళ్ళయిందో. నాలుగు పనులు చెబుతాను, విసుక్కోకు. సరిత పదిహేను రోజులుండి తిరిగి వస్తుంది, బావను చొప్పదండికి పంపి ఆమె చేతికి పల్లి కారం, ఎండబెట్టిన పుంటికూర, కొంచెం జొన్నపిండి ఇప్పించు. ఎక్కువ వద్దు, ఆమె సామాను కూడా ఉంటుంది. బాపును ఒకసారి దవాఖానకు తీసుకుపోయి చెవులు చూపించు, వినబడే మిషను పెట్టించుకోమని నేను బతిమాలానని చెప్పు. వదిలేసి ఇంతదూరం వచ్చానని చిన్నికి నా మీద వచ్చిన అలక తీరిందో లేదో రాయి. ఇంకొకటి, మీ ల్యాంప్‌రూమ్‌లోకి ఫోను తీసుకుపోనివ్వరు, డబ్బా ఫోటో తీయలేవు. అందుకని బోర్డు అంచున నువ్వు రాసిన ఆ మాట అట్లాగే, నీ చేతిరాతతో, ఒక కాగితం మీద రాసి పంపు. ఆఫీసులో నా తెర పక్కన అతికించుకుంటాను. ఇక్కడ ఎవరికీ తెలుగు రాదు, అడిగితే మా అక్క రాసిందని చెబుతాను.

బాపుకూ అవ్వకూ కాళ్ళు మొక్కానని చెప్పు. బావకు దండాలు. మల్లయ్య తాత ఉంటే, కనబడితే, నా పేరు చెప్పి నమస్కారం పెట్టు. ఆయనకు నేనెవరో గుర్తుండకపోవచ్చు, ఆ రోజు నేనేమన్నానో ఆయనకు అసలు తెలియదు.

నీకు తెలుసు. వాకిట్లో నేనన్న మాట ఇన్నేళ్ళలో నువ్వు ఒక్కసారి కూడా నాకు గుర్తు చేయలేదు, నేనూ తప్పయిందని ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడు అంటున్నాను. తప్పయింది అక్కా. ఆ రోజు నీకు ఎంత భయమేసి ఉంటుందో ఈ సోమవారం దాకా నాకు తెలియలేదు. నాకైతే ఇక్కడ నామీద ఆధారపడి బియ్యానికి ఎదురుచూసేవాళ్ళు లేరు, నా ముందు నిలబడి అరిచే చెల్లెలూ లేదు. అయినా నాకు అంత భయమేసింది.

మూడు నెలల తరువాత ఉంటానో వస్తానో తెలియదు. ఉంటే ఫోన్ చేస్తాను, వస్తే తలుపు కొడతాను. అప్పటిదాకా నా బిళ్ళ నీ బోర్డు మీద ఉందనుకో. నేను ఇంకా పైకి రాలేదు. చోటు చాలకపోతే డబ్బాలో వెయ్యి, కానీ లెక్కలో ఉంచు.

నీ ఆశీర్వాదం కోరుతూ,
నీ చెల్లెలు
లావణ్య